నివాస నిబంధనల నడుమ ఖరగ్‌పూర్ తెలుగువారు: లెక్కించాల్సింది రోజులనా, కారణాన్నా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పౌరసత్వం విషయంలో ఏ సందేహమూ లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి నివసించే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణ అందరితోపాటు వారికీ ఇచ్చింది. అయినా పిల్లల కళాశాల ప్రవేశాల వేళ, కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చినప్పుడు, ఓటర్ల జాబితా సవరణ జరిగినప్పుడు ఒకే ప్రశ్న వారి గడప తొక్కుతోంది. మీరు ఏ ఊరివారు? అక్కడ ఎన్నేళ్లు ఉన్నారు? అందుకు రుజువేమిటి?

విదేశాల్లో శాశ్వత నివాస హోదా పొందిన తెలుగువారికి ఈ ప్రశ్న కొత్త కాదు. కెనడాలో ఆ హోదా నిలుపుకోవాలంటే ఐదేళ్లలో కనీసం 730 రోజులు ఆ దేశంలో ఉండాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారు ఏడాదికి మించి బయట ఉంటే చిక్కులు తప్పవు. సొంత దేశంలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లిన పౌరులకు కూడా ఇటువంటి లెక్కలే ఎదురవుతాయన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు. ఖరగ్‌పూర్ అందుకు స్పష్టమైన ఉదాహరణ.

ఉద్యోగం తెచ్చిన వలస

19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, పెద్ద వర్క్‌షాపును నిర్మించింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీర రైలు మార్గం కూడా ఆ సంస్థ చేతికి వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర కోస్తా జిల్లాలకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య ఉద్యోగాల దారి అలా తెరుచుకుంది. లోకోషెడ్లలో, వర్క్‌షాపులో, లైన్ల మీద పనిచేసేందుకు అక్కడి నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె భారత కార్మికోద్యమ చరిత్రలో ప్రముఖమైనది. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన వి.వి. గిరి ఆనాటి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘ నాయకుల్లో ఒకరు.

1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. ఖరగ్‌పూర్ దానిలో ఒక డివిజన్ కేంద్రమైంది. మధురాకాఠీ, నింపురా వంటి రైల్వే వాడల్లో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో ఒకటిగా గుర్తించాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికే ప్రధాన కారణం.

భాషకు లభించిన ఆ గౌరవం విలువైనదే. అయితే భాషకు గుర్తింపు రావడం వేరు, మనిషికి స్థానికత రావడం వేరు. మొదటిది బెంగాల్ ప్రభుత్వం ఇవ్వగలిగింది. రెండోదానికి సొంత రాష్ట్రం పెట్టిన షరతులు వేరుగా ఉన్నాయి.

నాలుగేళ్ల నిబంధన

తెలుగు రాష్ట్రాల్లో స్థానికతకు మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణ. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తరువాత, విద్య, ఉద్యోగాల్లో అన్ని ప్రాంతాలకూ సమాన అవకాశాలు కల్పించేందుకు 32వ రాజ్యాంగ సవరణ ద్వారా దీనిని చేర్చారు. దాని ఆధారంగా 1974లో విద్యా ప్రవేశాలపైన, 1975లో ప్రభుత్వోద్యోగాలపైన రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి.

ప్రవేశాల ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానిక అభ్యర్థులవుతారు. ఇంటర్మీడియట్ అర్హత పరీక్ష అయినప్పుడు నాలుగేళ్లు వెనక్కి లెక్కిస్తే తొమ్మిదో తరగతి వస్తుంది. అంటే ఖరగ్‌పూర్‌లోని తల్లిదండ్రులు తమ బిడ్డ ఏ రాష్ట్రానికి చెందాలో పద్నాలుగేళ్ల వయసులోనే నిర్ణయించుకోవాలి. పదో తరగతి ఖరగ్‌పూర్‌లో ముగించి ఇంటర్‌కు విశాఖపట్నం వెళ్లిన విద్యార్థికి రెండేళ్లే దక్కుతాయి. తండ్రి రైల్వే క్వార్టర్‌లో ఉండగా తల్లి పిల్లలతో విశాఖలో అద్దె ఇల్లు తీసుకోవాల్సి వస్తే, ఆ ఖర్చుకు మూలం ఈ లెక్కలోనే ఉంది.

మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్ల దారి కొంత విశాలం. రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినవారు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు నివసించి ఉన్నవారు ఆ సీట్లకు పోటీపడవచ్చు. కానీ తల్లిదండ్రులు ఉద్యోగం కోసం రాష్ట్రం వెలుపల గడిపిన కాలాన్ని ఆ పదేళ్లలో కలపరు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకూ అవకాశం ఉంది. అయితే ఆ ఉద్యోగం రాష్ట్రంలోనే చేస్తూ ఉండాలి. వాల్తేరులో పనిచేసే రైల్వే ఉద్యోగి కుమార్తెకు తెరిచిన తలుపు, అదే రైల్వే శాఖలో ఖరగ్‌పూర్‌లో పనిచేసే ఉద్యోగి కుమార్తెకు మూసి ఉంటుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే చిత్రం స్పష్టమవుతుంది. తాత శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఇరవై ఏళ్ల వయసు వరకు సొంతూళ్లోనే ఉన్నందున తండ్రికి పదేళ్ల నివాసం రుజువు చేసే వీలు ఆయన పిల్లలకు ఉండేది. ఖరగ్‌పూర్‌లో పుట్టి అక్కడే ఉద్యోగం చేసిన ఆ పిల్లల వద్దకు వచ్చేసరికి ఆ రుజువు లేదు. మనుమరాలి నాటికి సొంతూళ్లో పొలం, ఇల్లు, బంధుత్వాలు, గ్రామదేవత పండగ మిగిలాయి. చట్టం దృష్టిలో స్థానికత మాత్రం మిగలలేదు.

రాష్ట్ర విభజన సమయంలో ప్రభుత్వాలు ఇలాంటి కష్టాన్ని గుర్తించిన సందర్భం ఉంది. 2014 జూన్ 2 తరువాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చినవారిని నిర్ణీత గడువు వరకు స్థానికులుగా పరిగణించేందుకు వీలు కల్పించారు. మొదట మూడేళ్లని చెప్పిన ఆ గడువును విడతలుగా పదేళ్లకు పొడిగించారు. పరిస్థితుల వల్ల చోటు మారినవారికి చట్టం సర్దుబాటు చేయగలదని ఇది చూపింది. ఆ సర్దుబాటు తెలంగాణ నుంచి వచ్చినవారికే పరిమితమైంది. బెంగాల్, ఒడిశా రైల్వే పట్టణాల నుంచి తిరిగివచ్చినవారు దాని పరిధిలో లేరు.

న్యాయస్థానాల దృష్టి

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ద్వారా వైద్య ప్రవేశాల్లో నాలుగేళ్ల చదువు నిబంధనను కచ్చితం చేసింది. తెలంగాణ శాశ్వత నివాసులు బయట చదివినంత మాత్రాన వారికి స్థానికత నిరాకరించరాదని హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో పేర్కొంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి ప్రభుత్వ నిబంధనను సమర్థించింది. స్థానికతను నిర్వచించే అధికారం రాష్ట్రపతి ఉత్తర్వుల మేరకు రాష్ట్రానికి ఉందన్నది దాని సారాంశం.

ఆ కేసులో మరో ముఖ్యమైన అంశం ఉంది. రాష్ట్రం వెలుపల పనిచేసే రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, తెలంగాణ క్యాడర్ అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికులు, కేంద్ర సాయుధ పోలీసు బలగాల సిబ్బంది, బదిలీకి లోబడే రాష్ట్ర సంస్థల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఇచ్చేందుకు ప్రభుత్వం అంగీకరించింది. తల్లిదండ్రుల ఉద్యోగ ధర్మం వల్ల బయట చదివిన పిల్లలు నష్టపోరాదన్న సూత్రం అందులో ఇమిడి ఉంది. ఆ జాబితాలో రైల్వే ఉద్యోగుల ప్రస్తావన లేదు.

అంతకు ముందు, 2025 జనవరి 29న పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు మరో కేసులో తేల్చింది. భారతదేశంలో పౌరులందరికీ ఉన్నది ఒకే డొమిసైల్ అని, రాష్ట్రానికో డొమిసైల్ అన్న భావన లేదని ఆ తీర్పు గుర్తుచేసింది. ఎంబీబీఎస్ స్థాయిలో మాత్రం కొంతమేర నివాస ప్రాధాన్యాన్ని 1984 నాటి ప్రదీప్ జైన్ తీర్పు నుంచీ న్యాయస్థానం అనుమతిస్తూ వచ్చింది. కాబట్టి డిగ్రీ ముంగిట నిలబడిన విద్యార్థికి నివాసం ఇంకా నిర్ణాయకమే.

ఖరగ్‌పూర్ విద్యార్థికి దారులన్నీ మూసుకుపోయాయని అర్థం కాదు. బెంగాల్‌లో దీర్ఘకాలం నివసించిన కుటుంబాల పిల్లలు అక్కడి రాష్ట్ర కోటాకు అర్హులే. అఖిల భారత కోటా, ఐఐటీలు, ఎన్‌ఐటీలు కూడా ఉన్నాయి. జనరల్ విభాగానికి చెందిన కుటుంబానికి ఇది ఒక రాష్ట్రం పోయి మరో రాష్ట్రం దక్కిన వ్యవహారం. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాల పరిస్థితి వేరు.

1950 ఆగస్టు 10

షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన ఒక షెడ్యూల్డు తెగ విద్యార్థి మహారాష్ట్ర వైద్య కళాశాలలో రిజర్వేషన్ కోరినప్పుడు, 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని తిరస్కరించింది. ఒక రాష్ట్రానికి సంబంధించి గుర్తింపు పొందినవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ ప్రయోజనం కోరలేరని చెప్పింది. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఒకే కులం పేరు ఉన్నా ఫలితం మారదని 1994 తీర్పు స్పష్టం చేసింది. 2018 ఆగస్టు 30న మరో రాజ్యాంగ ధర్మాసనం ఇదే వైఖరిని ధ్రువపరిచింది.

దీని ప్రభావం ఖరగ్‌పూర్‌లో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆంధ్ర మూలాలున్న ఎస్సీ కుటుంబపు విద్యార్థికి బెంగాల్ రాష్ట్ర కోటాలో రిజర్వేషన్ వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల చదువు లేనందున స్థానిక సీటు రాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగాల్లో మాత్రం మూల రాష్ట్రపు ధ్రువీకరణ చెల్లుతుంది. అందుకే రైల్వే కుటుంబాలకు సొంతూరి తహసీల్దారు ఇచ్చిన పాత పత్రం అంత విలువైనది. తండ్రికి మూల రాష్ట్రంలో జారీ అయిన ధ్రువీకరణ ఆధారంగా, వలస వచ్చిన రాష్ట్రపు అధికారులు పిల్లలకు పత్రం ఇచ్చే వీలును కేంద్ర మార్గదర్శకాలు కల్పించాయి. తండ్రి పత్రమే లేకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఏ రాష్ట్రానికి చెందినవారన్నది తేల్చేందుకు ప్రామాణిక తేదీ, షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వెలువడిన 1950 ఆగస్టు 10. ఆనాడు కుటుంబపు శాశ్వత నివాసం ఎక్కడ అన్నదే ప్రశ్న. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. శ్రీకాకుళం జిల్లా కూడా మరో ఐదు రోజులకు గాని విశాఖపట్నం జిల్లా నుంచి విడిపడలేదు. తాత ఆ రోజు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిలో ఉంటే మనుమడు ఏ రాష్ట్రం వాడు?

ఈ చిక్కుకు కేంద్ర హోంశాఖ 1977లోనే ఒక సమాధానం ఇచ్చింది. ఉత్తర్వు వెలువడిన నాటికి జీవనోపాధి కోసమో చదువు కోసమో తాత్కాలికంగా సొంతచోటికి దూరంగా ఉన్న వ్యక్తిని అతని మూల రాష్ట్రానికి చెందినవాడిగానే పరిగణించవచ్చని ఆ ఏడాది రాష్ట్రాలకు పంపిన లేఖలో పేర్కొంది. అంటే ఆ రోజు మనిషి ఎక్కడ ఉన్నాడన్నదే కాక, ఎందుకు ఉన్నాడన్నది కూడా చూడాలని ప్రభుత్వమే చెప్పింది. భారతీయ పాలనా వ్యవస్థకు ఈ సూత్రం పరాయిది కాదు. దాన్ని అన్ని చోట్లా వర్తింపజేయకపోవడమే లోపం.

కెనడా లెక్కలో ఉన్న వెసులుబాటు

విదేశీ నిబంధనల్లో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూడడం ఇక్కడ ఉపయోగకరం. కెనడా చట్టం 730 రోజుల లెక్కను కఠినంగానే పెట్టింది. కానీ కెనడా సంస్థ తరఫున పూర్తికాలం విదేశంలో పనిచేసిన రోజులను, కెనడా పౌరులైన జీవిత భాగస్వామి వెంట విదేశంలో ఉన్న రోజులను కూడా నివాసంగానే లెక్కిస్తుంది. రోజులు చాలకపోయినా మానవతా కారణాలను, పిల్లల ప్రయోజనాన్ని పరిశీలించే వీలుంది. కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు. అధికారి నిర్ణయం వెలువడాలి, దానిపై అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలి.

అమెరికాలో ఇన్ని రోజులన్న స్థిరమైన లెక్క లేదు. అక్కడే స్థిరంగా ఉండాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది చూస్తారు. ఇల్లు, ఉద్యోగం, పన్ను పత్రాలు, కుటుంబం ఎక్కడ ఉన్నాయన్నది అందుకు ఆధారం. ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల వరకు బయట ఉండవచ్చు. బ్రిటన్‌లో వరుసగా రెండేళ్లకు మించి బయట ఉంటే సాధారణంగా శాశ్వత నివాస అనుమతి రద్దవుతుంది. దేశానికో తీరు ఉన్నా, గైర్హాజరీకి కారణం చెప్పుకునే చోటు చాలా వ్యవస్థల్లో ఏదో ఒక రూపంలో ఉంది.

ఆ దేశాలు విదేశీయులకు ఇస్తున్న ఈ వెసులుబాటు, స్వదేశంలో ప్రభుత్వ రైల్వేలో పనిచేసేందుకు రాష్ట్రం దాటిన పౌరుడి పిల్లలకు దొరకకపోవడం ఆలోచించవలసిన విషయం.

క్వార్టర్ ఖాళీ చేశాక

రైల్వే పట్టణానికి మరో ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఉద్యోగి ముప్పై, ముప్పై అయిదేళ్లు ఉండేది సంస్థ క్వార్టర్‌లో. పదవీ విరమణ తరువాత కొద్ది నెలల గడువులో దానిని ఖాళీ చేయాలి. పన్ను రసీదు, ఇంటి దస్తావేజు అతని పేరిట ఉండవు. పదోన్నతి వచ్చినప్పుడల్లా క్వార్టర్ మారితే చిరునామా కూడా మారుతుంది. ఒకే పట్టణంలో జీవితమంతా గడిపినా కాగితాల మీద అది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

పశ్చిమ బెంగాల్‌లో 2025 నవంబరు 4న మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ఈ విషయాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. 2002 నాటి జాబితాలో తమ పేరో తల్లిదండ్రుల పేరో చూపగలిగినవారికి పని సులువు. చూపలేనివారు నిర్దేశిత పత్రాల్లో ఏదో ఒకటి సమర్పించాలి. ప్రభుత్వోద్యోగి గుర్తింపు కార్డు, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు ఆ జాబితాలో ఉండడం రైల్వే కుటుంబాలకు ఊరట. కుటుంబం 2002లో ఏ క్వార్టర్‌లో ఉంది, ఆ క్వార్టర్ ఏ పోలింగ్ కేంద్రం పరిధిలోది అన్నది గుర్తుంచుకోవడం మాత్రం వారి బాధ్యతే.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్ ఇక్కడ గమనించదగినది. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ అక్కడి సాధారణ నివాసి కారు. తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన నివాసం పోదు. శ్రీకాకుళంలో పొలం ఉన్న ఖరగ్‌పూర్ వాసి అక్కడ ఓటు కోరలేడు. అదే ఊరి నుంచి టొరంటో వెళ్లి భారత పౌరసత్వం వదులుకోని వ్యక్తి మాత్రం 20-ఎ సెక్షన్ కింద పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం సొంతూళ్లో ఓటరుగా నమోదు కావచ్చు.

సవరణకు వీలున్న చోటు

నివాస నిబంధనలను పూర్తిగా తప్పుపట్టడం సరికాదు. వెనుకబడిన ప్రాంతాల విద్యార్థులకు సీట్లు దక్కాలన్న లక్ష్యంతోనే 371-డి వచ్చింది. నిర్వచనం సడలితే, ఊరితో ఏ సంబంధమూ లేనివారు కాగితాలు సృష్టించి స్థానికుల అవకాశాలు తన్నుకుపోతారన్న భయానికి ఆధారం ఉంది. శ్రీకాకుళం మన్యంలో చదివే విద్యార్థి సీటు, ఐఐటీ ఉన్న పట్టణంలో పెరిగిన విద్యార్థికి వెళ్లడం న్యాయమా అన్న ప్రశ్న కూడా తేలికగా కొట్టివేయదగినది కాదు.

అయితే ఖరగ్‌పూర్ కుటుంబాలకు న్యాయం చేసేందుకు 85 శాతం స్థానిక సీట్ల జోలికి పోనక్కరలేదు. 15 శాతం అన్‌రిజర్వుడు విభాగంలో, రాష్ట్రంలో పనిచేసే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు ఇప్పటికే ఉన్న అర్హతను, రాష్ట్ర మూలాలను రుజువు చేయగలిగి బయట కేంద్ర సర్వీసులో ఉన్నవారి పిల్లలకూ విస్తరిస్తే చాలు. రుజువు కోసం వెతుకులాట అవసరం లేదు. ఉద్యోగంలో చేరిన రోజున నమోదైన సొంతూరు రైల్వే సర్వీసు రికార్డులోనే ఉంటుంది. షెడ్యూల్డు కులాల విషయంలో 1977 నాటి లేఖ స్ఫూర్తిని రెవెన్యూ కార్యాలయాలు స్థిరంగా పాటిస్తే, బెంగాల్‌కూ ఆంధ్రకూ మధ్య తిరిగే దరఖాస్తులు చాలావరకు తగ్గుతాయి.

అంతవరకు కుటుంబాలకు మిగిలిన రక్షణ కాగితమే. తాతతండ్రుల సర్వీసు పత్రాలు, పెన్షన్ ఉత్తర్వు, క్వార్టర్ కేటాయింపు లేఖలు, పాఠశాల బదిలీ పత్రాలు, సొంతూరి కుల ధ్రువీకరణ, 2002 ఓటర్ల జాబితా పుట నకలు ఒక్కచోట భద్రపరచుకోవడం మంచిది. విదేశాల్లోని శాశ్వత నివాసులు ప్రతి ప్రయాణపు తేదీని రాసుకున్నట్టే, స్వదేశంలో రాష్ట్రం దాటిన కుటుంబమూ తన అడుగుల లెక్క తానే ఉంచుకోవాల్సి వస్తోంది.

రైళ్లు నడపడానికి రాష్ట్రాల సరిహద్దులు దాటిన మనుషులు దేశానికి కావలసి వచ్చారు. వారు వెళ్లింది సొంతూరిని వదులుకోవడానికి కాదు, ప్రభుత్వం చూపిన పనికి. ఆ కారణాన్ని నిబంధనల్లో ఒక వాక్యంగా చేర్చడం పెద్ద పని కాదు. తొమ్మిదో తరగతిలో ఉన్న బిడ్డ గురించి నిర్ణయం తీసుకోలేక సతమతమయ్యే ఖరగ్‌పూర్ ఇంటికి మాత్రం ఆ ఒక్క వాక్యమే చాలా పెద్ద సహాయం.